స్టిక్కర్ మీద 50, వింటి మీద 40: డజను వెదురు బాణపు పుల్లల సమీక్ష

సరుకు మంచిదే. దాని మీద రాసిన అంకెని నమ్మి ముందే కోయించుకోకపోతే ఇంకా మంచిది.

ఈకలు, ములుకులు లేని వట్టి వెదురు పుల్లలు డజను. ఒక్కొక్కటి 33 అంగుళాల పొడుగు. మొదలు వైపు మందం 8 మిల్లీమీటర్లు, కొస వైపు 7కి కాస్త పైన. కట్టకి చుట్టిన కాగితం మీద పెద్ద అక్షరాలతో 45–50. ధర డజనుకి 2,400 రూపాయలు, కొరియర్ విడిగా. అమ్మేవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తీరులో అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, కింద చెప్పబోయే పొరపాటు ఏ ఒక్కరి సొంతమూ కాదు.

ఆర్డర్ పెట్టగానే అవతలి నుంచి వచ్చే ప్రశ్న: "ఎంతకి కొయ్యమంటారండీ, 28కా 29కా?" విల్లు మీద కూడా 28 అనే ఉంది కదా అని చాలామంది 28 అనేస్తారు. సెట్ సగం అక్కడే చెడిపోతుంది. చెప్పాల్సిన జవాబు ఒక్కటే: "కొయ్యొద్దండీ, నిండు పొడుగే పంపండి."

ఎందుకో తెలియాలంటే ఆ 45–50 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి.

స్పైన్ అంటే పుల్ల ఎంత బిర్రుగా ఉందన్న కొలత. చెక్కకీ వెదురుకీ ఇప్పటికీ నడుస్తున్నది పాత ఏఎంఓ (అమెరికా విలుసామగ్రి తయారీదార్ల సంఘం) పద్ధతి. 26 అంగుళాల ఎడంలో రెండు ఆసరాలు, వాటి మీద పుల్ల, సరిగ్గా నడిమధ్య 2 పౌండ్ల బరువు. పుల్ల ఎన్ని అంగుళాలు కిందికి దిగిందో చూసి, 26ని ఆ అంకెతో భాగిస్తారు. వచ్చిన అంకెని పౌండ్లలో చెబుతారు. 0.52 అంగుళం దిగితే స్పైన్ 50. 0.65 దిగితే 40. ఇందులో పుల్ల పొడుగు ఊసే లేదు. 33 అంగుళాల పుల్లైనా, 28కి కోసిన పుల్లైనా ఆసరాల మధ్య ఉండేది ఆ 26 అంగుళాలే. అందుకే కోసినంత మాత్రాన కాగితం మీది అంకె మారదు. వింటి మీద మాత్రం మారుతుంది, ఎందుకంటే అక్కడ వంగేది 26 అంగుళాలు కాదు, మొత్తం పుల్ల.

మామిడికాయలు కోసే చిక్కం గెడని తలుచుకుంటే ఈ సంగతి ఇట్టే పట్టుబడుతుంది. గెడని నడిమికి పట్టుకుంటే చిక్కం చెప్పిన చోట నిలుస్తుంది. మొదట్లో పట్టుకుంటే ఒక్క కాయ పడగానే కొస ఊగిపోతుంది. గెడ అదే, కాయ అదే, మధ్య దూరం పెరిగింది. బాణంలో చిక్కం స్థానంలో ములికి ఉంటుంది, చెయ్యి స్థానంలో అల్లెతాడు ఉంటుంది. తాడు వెనక నుంచి తోస్తుంది, ములికి తన బరువు కొద్దీ కదలనని మొరాయిస్తుంది, మధ్యలో పుల్ల విల్లులా వంగుతుంది. ఆ వంగుడుతోనే బాణం వింటి పట్టుని చుట్టి వస్తుంది. 1930లలో భౌతికశాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ అమెరికాలో హైస్పీడ్ కెమెరాతో తీసిన చిత్రాల్లో ఇది కంటికి కనబడింది. వంగుడు తక్కువైతే బాణం పట్టుకి కొట్టుకుని పక్కకి పోతుంది. ఎక్కువైతే ఇంకో పక్కకి పోతుంది.

ఇక లెక్క. అడ్డంగా బరువు పడినప్పుడు వంగుడు పొడుగు ఘనంతో పెరుగుతుంది. 28 అంగుళాల పుల్లని 29 అనుకుంటే పొడుగు మూడున్నర శాతమే పెరిగింది, వంగుడు మాత్రం 11 శాతం. 31 అనుకుంటే వంగుడు 36 శాతం. ఏఎంఓ లెక్కలన్నీ 28 అంగుళాల బాణాన్ని మామూలు పొడుగుగా పెట్టుకుంటాయి కాబట్టి, 50 అని రాసిన పుల్ల 28 దగ్గర 50గానే నడుస్తుంది. అదే పుల్ల 29 దగ్గర 45లా, 30 దగ్గర 40–41లా, 31 దగ్గర 37లా నడుస్తుంది. విలుకాళ్ళ నోట వినబడే "అంగుళానికి ఐదు పౌండ్లు" లెక్క దీనికి దగ్గర దగ్గరే. అయితే వదిలిన బాణం మీద బలం పక్క నుంచి కాదు, వెనక నుంచి పడుతుంది. నిలువు స్తంభం నలిగినట్టు నలిగే ఆ వంగుడు ఘనంతో కాక వర్గంతో పోతుంది. కాబట్టి పై అంకెలు మొదటి అంచనాకే పనికొస్తాయి, తీర్పు చెప్పేది లక్ష్యంగా పెట్టిన గడ్డిమోపే.

ఈ లెక్కని మన మనుషులకి వేసి చూస్తే సెట్ అసలు గుణం బయటపడుతుంది. రెండు చేతులూ చాపి బార కొలిచి, దాన్ని రెండున్నరతో భాగిస్తే లాగుడు పొడుగు దాదాపుగా వస్తుంది. బార 165 సెంటీమీటర్లు ఉన్న మనిషికి 66 సెంటీమీటర్లు, అంటే 26 అంగుళాలు. విల్లు మీద "45, 28 దగ్గర" అని ఉందనుకోండి. ఆ 45 పౌండ్లు 28 అంగుళాలు లాగితేనే. అంగుళం తగ్గితే రెండున్నర పౌండ్లు తగ్గుతాయి, కాబట్టి ఈ మనిషి చేతిలో అది 40 పౌండ్ల విల్లు. పట్టు దగ్గర మధ్యగీత దాకా కోత లేని లాంగ్‌బోకి (పొడుగాటి సాదా విల్లు) స్పైన్ ఇంచుమించు లాగుడు బరువంతే ఉండాలి, అంటే 40. సెట్‌లో సగటు పుల్ల 48. దాన్ని 28కి కోయిస్తే ఎనిమిది పౌండ్లు బిర్రు. లాగుడు 26 కదా అని ఇంకాస్త ముందుకెళ్ళి 27కి కోయిస్తే పన్నెండు పౌండ్లకి పైగా బిర్రు. అదే 30 దగ్గర వదిలేస్తే 39. ఆ వింటికి అతికినట్టు సరిపోతుంది.

పొట్టి లాగుడు వాళ్ళకి దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుందన్నమాట. విల్లు మెత్తబడుతుంది, బాణం బిర్రెక్కుతుంది. ముందుకి పొడుచుకొచ్చిన మూడు నాలుగు అంగుళాల పుల్ల చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉందని కోసేసేవాళ్ళు తమ బాణాన్ని తామే చెడగొట్టుకుంటున్నారు.

మినహాయింపు ఒకటుంది. విల్లు మధ్యగీత దాకా కోసిన రికర్వ్ (కొసలు ముందుకి వంగినది) అయితే బాణం చుట్టిరావాల్సిన పని తక్కువ, పుల్ల 5 నుంచి 10 పౌండ్లు బిర్రుగా ఉండాలి. అదే 40 పౌండ్ల బలానికి ఈ పుల్లల్ని 28–28.5 దగ్గర కోస్తే కుదురుతుంది. అప్పుడు అమ్మేవాళ్ళ 28 ఒప్పే, కాకపోతే కాకతాళీయంగా ఒప్పు. ఏజెన్సీలో కొండరెడ్ల విల్లులా పట్టు దగ్గర కోతే లేకుండా, బాణం చేతి మీద ఆనేదైతే ఇంకా మెత్తటి పుల్ల కావాలి.

బాణం ఎంత పొట్టిదైనా లాగుడు కంటే కనీసం ఒక అంగుళం ఎక్కువ ఉండి తీరాలి. నిండా లాగినప్పుడు ములికి పట్టు వెనక్కి వచ్చిందంటే, వదిలినప్పుడు అది ఎడమ చేతిలోకే దిగుతుంది.

ఇంట్లో కొలిచి చూస్తే

కాగితం మీది 45–50ని సరిచూడటానికి మిషన్ అక్కర్లేదు. చదునైన పలక మీద 660 మిల్లీమీటర్ల ఎడంలో రెండు మేకులు, నీళ్ళ సీసా, వెర్నియర్ స్కేలు ఉంటే చాలు. సీసాకి కొక్కెం కట్టి, కొక్కెంతో కలిపి 907 గ్రాములు తూగేదాకా నీళ్ళు పొయ్యాలి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా ఇందుకు సరిపోతుంది. పుల్ల నడిమధ్య తగిలించి, ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలిచి, 660ని దాంతో భాగించండి. 13.2 దిగితే 50. 14.7 దిగితే 45. 16.5 దిగితే 40. ఒక మిల్లీమీటరు తప్పు చదివితే మూడు నాలుగు పౌండ్లు తేడా వస్తుంది, కాబట్టి స్కూలు స్కేలుతో పని జరగదు.

సెట్‌లో తొమ్మిది పుల్లలు 13.2కీ 14.7కీ మధ్యే దిగాయి. అంటే కాగితం వాటి విషయంలో నిజమే చెప్పింది. రెండు 15.4 దగ్గర దిగాయి, 43. ఒకటి మొండిగా 12 దగ్గరే ఆగింది, 55. చేత్తో ఏరిన వెదురుకి ఇది చెడ్డ లెక్కేమీ కాదు. బరువులో చెదురు ఎక్కువ: 24 గ్రాముల నుంచి 27.5 దాకా, అంటే యాభై గ్రెయిన్ల పైచిలుకు (గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు). జత కుదిర్చేటప్పుడు 10 గ్రెయిన్ల లోపు తేడా చూసుకునేవాళ్ళకి ఈ డజనులోంచి ఆరు, ఏడు మాత్రమే ఒక జట్టుగా వస్తాయి.

ఆ మూడు తేడా పుల్లల్ని వెనక్కి పంపనక్కర్లేదు. నిండు పొడుగు తెప్పించుకోవడంలోని లాభం ఇదే. 48 పుల్లని 30 దగ్గర వాడుతుంటే, 43 పుల్లని 29 దగ్గర, 55 పుల్లని 31.4 దగ్గర ఉంచితే మూడూ వింటి మీద ఒకేలా నడుస్తాయి. అమ్ములపొదిలో వంకరటింకరగా కనిపిస్తాయి, బరువులు కలవవు, పోటీకి పనికిరావు. సాధనకి భేషుగ్గా పనికొస్తాయి. అన్నీ 28కి కోసి పంపి ఉంటే ఈ సర్దుబాటుకి చోటే ఉండదు.

కొలిచేటప్పుడు పుల్లని పావు వంతు తిప్పి మళ్ళీ కొలవండి. వెదురు గోడ మందం చుట్టూ ఒకేలా ఉండదు, ఒక దిక్కున బిర్రు, ఇంకో దిక్కున మెత్తన. ఈ సెట్‌లో రెండు దిక్కుల మధ్య తేడా రెండు మూడు పౌండ్లే. బిర్రు వైపు పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ వైపు వింటి పట్టుకి ఆనేలా అన్నిటికీ నాక్ గాడి (అల్లెతాడు దూరే గంటు) ఒకే తీరులో కొయ్యాలి. ఈ గీత పెట్టకుండా గాడి కోసేస్తే డజను బాణాలూ డజను దారుల్లో పోతాయి, తప్పు చేతి మీదకి పోతుంది.

ఏ కొస కొయ్యాలి

కార్బన్ గొట్టాన్ని ఎటు కోసినా ఒకటే. వెదురు అలా కాదు. మొదలు లావు, కొస సన్నం. ములికి మొదలు వైపు ఎక్కిస్తారు, నాక్ కొస వైపు కోస్తారు. కొస వైపు మూడు అంగుళాలు తీసేస్తే పుల్ల నడిమి లావు భాగంలోకి జరుగుతుంది, పొడుగు తగ్గినందుకు వచ్చే బిర్రుకి ఇదీ తోడవుతుంది. మొదలు వైపు తీసేస్తే నడిమి సన్నటి భాగంలోకి జరుగుతుంది, అందువల్ల బిర్రు నెమ్మదిగా ఎక్కుతుంది. కాబట్టి కొస వైపు కోత ఒక్కసారే కోసి వదిలేయాలి. ఆ తరవాత సర్దుబాట్లన్నీ మొదలు వైపు.

కొస ఎక్కడ కొయ్యాలో కణుపు చెబుతుంది. నాక్ గాడి అడుగుకి 8–10 మిల్లీమీటర్ల కింద కణుపు ఉండాలి. అల్లెతాడు గాడిలో గుద్దినప్పుడు వెదురు నిలువునా చీలబోతుంది, ఆ చీలికని ఆపేది కణుపే. కణుపు లేని చోట గాడి కోస్తే నారతో ఎంత బిగించి చుట్టినా నమ్మకం లేదు. ఈ సెట్‌లో కణుపుల ఎడం పుల్ల పుల్లకీ మారుతోంది. నాలుగు పుల్లల్లో కొస నుంచి మొదటి కణుపు బాగా లోపలికి ఉండి, గాడి కోసేసరికి 31 అంగుళాలే మిగిలాయి. 30 కావలసినవాళ్ళకి పరవాలేదు. లాగుడు 30 ఉన్న పొడుగు మనిషికి ఆ నాలుగింటిలో కోసి సర్దుకోవడానికి చోటే లేదు. తయారీలో కాస్త శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇదే: కొస దగ్గర కణుపు ఉండేలా పుల్ల ఎంచాలి.

కోయడానికి సన్న పళ్ళ రంపం వాడండి. కోసే చోట టేపు చుట్టి, పుల్లని దొర్లిస్తూ చుట్టూ గాటు పెట్టి, ఆ తరవాత లోపలికి దిగాలి. ఒకే వైపు నుంచి రంపం నడిపితే అవతలి వైపు పీచు లేచి ఈనెలా చీలుతుంది.

మొదలు 8 మిల్లీమీటర్లు కాబట్టి 5/16 అంగుళం ములుకులు పడతాయి. ములికి కూర్చునే మొనని 5 డిగ్రీల వాలుతో చెక్కుకోవాలి. లోపల బోలు కనబడితే వెదురు పుడక దూర్చి అరల్డైట్‌తో నింపండి, లేకపోతే మొదటి రాయి తగలగానే ములికి లోపలికి కుంగుతుంది. ములికిని అతికించడానికి మాత్రం అరల్డైట్ వద్దు. గ్లూ గన్‌లో పెట్టే మైనపు కడ్డీ వాడండి. సర్దుబాటు ముగిసేదాకా ములికిని కొద్దిగా వేడిచేసి ఊడదీస్తూ, పుల్ల కోస్తూ, మళ్ళీ ఎక్కిస్తూ ఉండాలి.

125 గ్రెయిన్ల ములికి అంటే 8.1 గ్రాములు, ఒక కాసు బంగారమంత. మొదట ఆ బరువుతోనే మొదలుపెట్టడం మంచిది. 25 గ్రెయిన్లు పెంచితే పుల్ల మూడు నుంచి ఐదు పౌండ్లు మెత్తబడినట్టు నడుస్తుంది. ఇప్పటికే 28కి కోయించుకున్నవాళ్ళకి మిగిలిన దారి ఇదే: 40 పౌండ్ల వింటి మీద 175 గ్రెయిన్ల ములికి వేసి చూడటం. పుల్ల నడిమి భాగాన్ని గాజుపెంకుతోనో ఇసక కాగితంతోనో గీకి మెత్తబరుద్దామని చూడకండి. వెదురు బలమంతా పైతోలు పక్కనే ఉంటుంది, అక్కడి పీచే చిక్కన. పైపొర గీకితే స్పైన్‌తో పాటు ప్రాణం కూడా పోతుంది, ఏదో ఒకరోజు వదిలీ వదలగానే ముక్కలవుతుంది.

ఈకలు లేకుండా వేసి చూడటం

రెండు బాణాలకి ఈకలు కట్టండి, ఒకటి వట్టిగా ఉంచండి. మూడింటికీ ఒకే పొడుగు, ఒకే ములికి. లక్ష్యానికి వరిగడ్డి మోపు బాగుంటుంది, కానీ మెత్తగా కట్టినదైతే బాణం దూసుకుపోయి వెనక తేలుతుంది. రెండు పలకల మధ్య గడ్డిని తొక్కి తాళ్ళతో బిగించాలి. కొబ్బరి పీచు కుక్కిన గోనె సంచి ఇంకా మంచిది, కోనసీమలో దానికి కొదవ లేదు. ఈకలు లేని వెదురు బాణం పక్కవాటుగా తగిలితే విరుగుతుంది, కాబట్టి గట్టి ఫోమ్ మీదకి వెయ్యకండి. మధ్యాహ్నం పైరగాలి లేచాక ఈ పరీక్ష పెట్టుకుంటే చూసేది స్పైన్ కాదు, గాలి. తెల్లవారి ఏడు లోపు ముగించండి.

10 గజాల నుంచి మొదలు. ముందు నిలువు తేడా సరిచెయ్యాలి: వట్టి బాణం ఈకల బాణాల కంటే బాగా పైనో కిందో పడుతుంటే అల్లెతాడు మీద నాక్ తగిలే చోటు తప్పు, దాన్ని జరపాలి. ఆ తరవాతే పక్క తేడా. కుడిచేత్తో లాగేవాళ్ళకి వట్టి బాణం ఎడమకి పడితే బిర్రు, కుడికి పడితే మెత్తన. ఎడమచేతివాళ్ళకి తిరగేసి. 33 అంగుళాల దగ్గర మొదలుపెడితే 40 పౌండ్ల వింటికి ఇది కచ్చితంగా కుడికే పడుతుంది, కంగారు పడనక్కర్లేదు. అర అంగుళం చొప్పున 31 దాకా, అక్కణ్ణుంచి పావు అంగుళం చొప్పున కొయ్యండి. పావు అంగుళం అంటే పౌండుంబావు. వట్టి బాణం ఈకల బాణాల పక్కకి చేరాక 15, 20 గజాలకి వెనక్కి జరగండి. 20 గజాల దగ్గర జానెడు లోపు కుడికి పడుతుంటే ఆపెయ్యండి. ఆ కాస్త మెత్తదనాన్ని ఈకలు చూసుకుంటాయి. ఇంకో పావు అంగుళం కోస్తే తిరిగి అతికించలేం.

ఇందులో ఒక మోసం ఉంది, చాలామంది అక్కడే బోల్తా పడతారు. బాగా బిర్రైన బాణం తోక వింటి పట్టుకి గుద్దుకుని ఎగిరి, కుడికి పడుతుంది. మెత్తన అనుకుని ఇంకా కోస్తారు, ఇంకా బిర్రవుతుంది, ఇంకా కుడికి పోతుంది. టక్కుమనే చప్పుడు వినబడితే అనుమానించండి. పట్టు పక్కన బాణం ఆనే చోట కాస్త కాటుక రాసి వదలండి. ఈకల మీదో పుల్ల వెనక భాగం మీదో నల్లగా అంటుకుంటే తోక గుద్దుతోందని అర్థం. అప్పుడు కొయ్యడం ఆపి, బరువు ములికి వేసి చూడాలి. ఎడమకి వస్తే గుట్టు బయటపడినట్టే.

సన్నటి తేడాలకి కోత అక్కర్లేదు. బాణం ఆనే చోట తోలుముక్క మందం పెంచితే బాణం మధ్యగీతకి దూరం జరిగి బిర్రుదానిలా నడుస్తుంది, పలచన చేస్తే మెత్తదానిలా నడుస్తుంది. కాస్త సాగే డాక్రాన్ తాడు తీసేసి సాగని కొత్తరకం తాడు వేస్తే పుల్ల ఉన్నపళంగా మెత్తబడినట్టనిపిస్తుంది. తాడు మార్చే ఆలోచన ఉంటే పుల్ల కొయ్యక ముందే మార్చండి.

కార్బన్ వాడి ఇటు వచ్చేవాళ్ళు అంకె తిరగబడిందని గుర్తుంచుకోవాలి. కార్బన్ మీద 500 అంటే 28 అంగుళాల ఎడంలో 880 గ్రాముల బరువుకి 0.500 అంగుళం దిగిందని. అంకె పెరిగితే మెత్తన. ఏఎంఓలోకి మారిస్తే 500 దాదాపు 63 పౌండ్లు, 600 అంటే 52–53, 700 అంటే 45, 800 అంటే 39. ఈ సెట్ 650–700 కార్బన్‌కి దాదాపు సాటి. పొడుగు లెక్క మాత్రం రెంటికీ ఒకటే. ఆర్చరీ క్రీడాకారుడు బొమ్మదేవర ధీరజ్‌లా వేళ్ళతో వదిలే రికర్వ్ వాళ్ళకి ఇది ప్రాణం. మరో ఆర్చర్ జ్యోతి సురేఖ పట్టే కాంపౌండ్ వింటికి (కొసల్లో చక్రాలుండేది) తాడు వదిలే పరికరం ఉంటుంది, వేళ్ళ పక్కతోపు ఉండదు, అక్కడ వంగుడు వేరే దారి. కాంపౌండ్ వాళ్ళ సలహాలు తెచ్చి వెదురు మీద పెట్టకండి.

డెల్టా తేమ

ఎండల్లో కొలిచిన స్పైన్ శ్రావణంలో ఉండదు. వెదురు తేమ పీల్చి బరువెక్కుతుంది, మెత్తబడుతుంది, కణుపుల దగ్గర వంగుతుంది. పైన పూత బాగున్నా కోసిన కొస నుంచి నీళ్ళు తాగుతుంది. ఈ సెట్‌కి పూత పలచగా ఉంది, కోసిన కొసలకి అసలు లేదు. పొడుగు ఖాయమయ్యాక కొసలకి రెండు పూతలు, ఒళ్ళంతా ఒక పూత పాలియురథేన్ వేసుకోండి. గోడకి ఆనించి పెడితే వారంలో విల్లవుతుంది. అటక దూలానికి నిలువుగా వేలాడదీయాలి.

వచ్చినప్పుడే మూడు పుల్లలకి కణుపు దగ్గర వంకర ఉంది, వంటింటి గ్రానైట్ గట్టు మీద దొర్లిస్తే టకటకమని చెప్పింది. గ్యాస్ సన్న మంట మీద ఆ కణుపుని తిప్పుతూ చెయ్యి పెట్టలేనంత వేడెక్కించి, వంకరకి ఎదురు నొక్కి, చల్లారేదాకా వదలకుండా పట్టుకుంటే నిలుస్తుంది. రంగు గోధుమకి తిరిగిందంటే వేడి ఎక్కువైంది, ఆ చోట పెళుసు. మర్నాడు మళ్ళీ దొర్లించి చూడండి, వెదురు పాత వంకరని అంత తొందరగా మరచిపోదు.

వాన నెలల్లో టర్కీ ఈకలు తడిసి పడుకుంటాయి, బాతు ఈక కాస్త నయం. ఒక బాణానికి మూడు ఈకలూ ఒకే రెక్కవి కావాలి, కుడివీ ఎడమవీ కలపకూడదు.

30 అంగుళాల దగ్గర, 125 ములికితో, మూడు ఈకలతో బాణం సుమారు 32 గ్రాములు తూగుతుంది, 490 గ్రెయిన్లు. 40 పౌండ్ల వింటికి పౌండుకి 12 గ్రెయిన్లు పడింది. బరువైన బాణమే. వింటికి సుఖం, చప్పుడు తక్కువ, 20 గజాల లోపు హాయిగా పోతుంది. 50 గజాలకి వెయ్యాలనుకుంటే వంపు ఎక్కువవుతుంది, ఇది ఆ పనికి కాదు. ప్రతిసారీ తాడుకి తగిలించే ముందు రెండు కొసలూ పట్టుకుని కొద్దిగా వంచి చెవి దగ్గర పెట్టుకోండి. చిటుక్కుమన్నది ఇక బాణం కాదు, పొయ్యిలోకే.

35 నుంచి 42 పౌండ్లు నిజంగా లాగేవాళ్ళకి, 26–28 అంగుళాల లాగుడు ఉన్నవాళ్ళకి, రంపం పట్టే ఓపిక ఉన్నవాళ్ళకి ఈ సెట్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. 50 పౌండ్ల పైన లాగేవాళ్ళకి దీంతో పని లేదు, వాళ్ళు 60–65 అడగాలి. ఆర్డర్‌లో మూడు ముక్కలు రాస్తే చాలు: నిండు పొడుగు, కొస దగ్గర కణుపు, పుల్ల పుల్లకీ విడిగా స్పైన్ అంకె. మూడోది అడిగితే పుల్లకి పది రూపాయలు ఎక్కువ అడిగినా ఇవ్వొచ్చు, ఒక పూట పని మిగులుతుంది.

కోసిన ముక్కలు పారెయ్యకండి. మూడంగుళాల ముక్క మీద నాక్ గాడి నాలుగు సార్లు కోసి చెయ్యి సాపు చేసుకోవచ్చు. మొదటి గాడి అసలు పుల్ల మీద కోసినవాళ్ళకి డజను ఎప్పుడూ పదకొండే.